నిలబెడితే బయటపడ్డ జబ్బు

ఐడెల్లా ఫ్లూకర్ జూలై ఎండల్లో కూడా ఉన్ని స్వెట్టరు చంకన పెట్టుకుని పనికి వెళ్ళేది. మధ్య జార్జియాలో ఆ నెలలో తారురోడ్డు మెత్తబడి చెప్పుకు అంటుకుంటుంది. కళ్ళ చుట్టూ చిన్న చిన్న ఈగలు ముసురుతాయి. అలాంటప్పుడు స్వెట్టరుతో కనబడితే ఎవరు మాత్రం నవ్వరు? వీధి చివర వేరుశనక్కాయలు ఉడకబెట్టి అమ్మే ముసలాయన రోజూ అడిగేవాడు, "ఏమ్మా, ఎక్కడ మంచు కురుస్తోంది?" అని. "ఓ పూట వచ్చి కూచో బాబాయ్, నీకే తెలుస్తుంది" అనేది ఆమె.

ఆమె పనిచేసేది వైమానిక స్థావరంలో. అక్కడి గదిని చల్లబరిచింది మనుషుల కోసం కాదు, యంత్రం కోసం. ఆ యంత్రమంటే గోడ పొడవునా వరసగా నిలబడ్డ ఇనుప బీరువాల్లాంటివి. యుద్ధవిమానాల్లోంచి ఊడదీసి పంపిన రాడార్ పెట్టెలను దాని ముందు బల్ల మీద పడుకోబెట్టి, కేబుళ్ళు తగిలించి, మీట నొక్కాలి. ఇక ఆ తర్వాత పని యంత్రానిదే. పెట్టెకు కరెంటు పంపి, ప్రశ్న మీద ప్రశ్న వేసి, వచ్చిన జవాబులు కొలిచి, చివరికి తెర మీద పచ్చటి అక్షరాల్లో తీర్పు చెప్పేది. పెట్టె బాగుందనేది, లేదంటే లోపల ఫలానా సర్క్యూట్ కార్డు చెడిపోయింది, మార్చమనేది. అందుకే షాపులో అందరూ దాన్ని జడ్జిగారు అనేవారు. "జడ్జిగారు ఇవాళ లేవలేదు" అంటే యంత్రం మొరాయించిందని అర్థం.

అవి పంతొమ్మిది వందల ఎనభైల మొదటి రోజులు. అంతకుముందు ఐడెల్లా అదే స్థావరంలో పారాచూట్లు కుట్టేది. ఆమె తల్లి పీచ్ పళ్ళ షెడ్డులో పళ్ళు ఏరి ఏరి వేళ్ళు వంకర్లు పోయిన మనిషి. కూతురికి స్థావరంలో కుట్టుపని దొరికితే చర్చిలో లేచి నిలబడి దేవుడికి కృతజ్ఞతలు చెప్పింది. కొత్త యంత్రాలు వచ్చినప్పుడు, లోపలివాళ్ళలో ఎవరైనా పరీక్ష రాసి ఈ పని నేర్చుకోవచ్చన్నారు. ఐడెల్లా రాసింది. భర్త క్లియోఫస్ స్కూలు బస్సు డ్రైవరు. రాత్రిపూట భోజనాలయ్యాక వంటింటి బల్ల దగ్గర కూచుని ఆమె చేత పాఠాలు అప్పజెప్పించుకునేవాడు. తనకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా పుస్తకంలో ఉన్నది ఆమె సరిగ్గా అంటోందో లేదో పట్టుకునేవాడు. "ఊఁహూ, అక్కడ ఇంకో మాటుంది పిల్లా, మింగేశావు" అనేవాడు.

ఆమె పరీక్ష నెగ్గి కొత్త షాపులో అడుగుపెట్టిన రోజునే హాలిస్ పర్విస్ మాట చెవిన పడింది.

హాలిస్ తెల్లాయన, పాతకాలపు చేతిపనివాడు. జడ్జిగారు రాకముందు ఆ షాపులో పెట్టెలన్నిటికీ వైద్యం చేసింది ఆయనే. ఒక మీటరు, ఒక టంకం వేసే కడ్డీ, తన ముక్కు, ఇవే ఆయన సామాను. కాలిన కార్డును వాసన పట్టి చెప్పేవాడని పేరు. యంత్రం వచ్చాక ఆయన బల్లను ఓ మూలకు జరిపారు. "కుట్టుమిషను తొక్కేవాళ్ళని తెచ్చి రాడార్ల ముందు కూచోబెడుతున్నారు" అన్నాడాయన, ఎవరితోనూ కాదన్నట్టు, అందరికీ వినబడేలా. "రేపు వంటవాళ్ళని తెచ్చి విమానం నడపమంటారు."

ఐడెల్లా విననట్టే తన స్వెట్టరు గుండీలు పెట్టుకుంది.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇద్దరూ ఒకే గదిలో పనిచేశారు. పొద్దున ఒక పలకరింపు, సాయంత్రం ఒక తల ఊపు, అంతే. మధ్యాహ్నం భోజనాల గదిలో రెండు బల్లలుండేవి. కిటికీ దగ్గరిది తెల్లవాళ్ళది, కూల్‌డ్రింకు మిషను దగ్గరిది ఐడెల్లా లాంటి నల్లవాళ్ళది. అలా కూచోమని ఏ గోడ మీదా రాసి లేదు. ఒకప్పుడు ఉన్న ఆ రాతలు చెరిపేసి చాలా కాలమైంది. కానీ కాళ్ళకు పాత దారే అలవాటు.

అలాంటి రోజుల్లో ఒక రాడార్ పెట్టె వాళ్ళను పట్టుకుంది.

మూల దగ్గర చిన్న సొట్ట ఉండేది కాబట్టి ఐడెల్లా దాన్ని చూడగానే గుర్తుపట్టేది. పడమటి ఎడారిలోని ఒక స్థావరం నుంచి వచ్చింది. విమానం గట్టిగా మలుపు తిరిగినప్పుడు రాడార్ తెర నల్లబడుతోందని దాని మీద ఫిర్యాదు. ఐడెల్లా బల్ల మీద పెట్టి మీట నొక్కింది. జడ్జిగారు ఏ తప్పూ లేదన్నారు. పంపేశారు. కొన్ని వారాలకు అదే పెట్టె అదే ఫిర్యాదుతో తిరిగొచ్చింది. మళ్ళీ బాగుందన్నారు జడ్జిగారు. మళ్ళీ పంపేశారు. మళ్ళీ వచ్చింది.

"అత్తారింటికి అలవాటుపడ్డ అల్లుడు" అన్నారు షాపులో వాళ్ళు. "పండక్కీ వస్తాడు, పబ్బానికీ వస్తాడు, ఏమీ లేకపోయినా వస్తాడు."

ఐడెల్లాకు నవ్వు రాలేదు. ఈసారి పెట్టెతోపాటు ఎడారి స్థావరం నుంచి ఫోను కూడా వచ్చింది. మాట్లాడినవాడు సార్జెంట్ ఓర్టిజ్, అక్కడి విమానాలకు పెట్టెలు బిగించే మనిషి.

"అమ్మా, మీరు పరీక్ష చేస్తున్నారా, దుమ్ము దులిపి పంపిస్తున్నారా?" అన్నాడు.

"యంత్రం బాగుందంటోంది నాయనా."

"ఆ యంత్రాన్నే విమానం ఎక్కించండి మరి. మొన్న మా పైలట్ మబ్బుల్లో మలుపు తిరుగుతుంటే తెర ఆరిపోయింది. పక్కనే ఇంకో విమానం. ఒకదాని రెక్క ఒకటి రాసుకునేంత దగ్గరికి వెళ్ళొచ్చారు. దిగాక ఆ కుర్రాడు నిచ్చెన పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. దేవుడు చల్లగా చూశాడు. ప్రతిసారీ చూస్తాడా?"

ఫోను పెట్టేశాక ఐడెల్లా చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూచుంది. పారాచూట్లు కుట్టే రోజుల్లో ఒక్క కుట్టు అనుమానంగా ఉన్నా మొత్తం విప్పి మళ్ళీ కుట్టేది. అక్కడ తప్పు కంటికి కనబడేది. ఇక్కడ పచ్చ అక్షరాలు బాగుందంటుంటే దేన్ని విప్పాలి?

షాపు పెద్ద గ్లాడెన్ దగ్గరికి వెళ్ళింది. గ్లాడెన్ చెడ్డవాడు కాదు. యంత్రానికి ప్రోగ్రాములు రాయడం తెలిసినవాడు కూడా. కాకపోతే పైవాళ్ళ ఒత్తిడికి మెడ ఎప్పుడూ భుజాల్లోకి కుంగిపోయి ఉండేది.

"పాసైన పెట్టెను ఆపడానికి నాకేం కారణం ఉందమ్మా? అవతల పెట్టెలు గుట్టలుగా పడి ఉన్నాయి."

"నేను సంతకం పెట్టలేనండీ. చెయ్యి రావడం లేదు."

గ్లాడెన్ ఆమె ముఖం కేసి చూశాడు. "సరే. జడ్జిగారు ఖాళీగా ఉన్నప్పుడు చూసుకో. కానీ దాంట్లో ఏముందో కనిపెట్టడం జడ్జిగారి వల్ల కాలేదు కదా, ఎవరి వల్ల అవుతుంది?"

ఎవరి వల్ల అవుతుందో ఐడెల్లాకు తెలుసు. అదే ఆమెకు కష్టంగా ఉంది. మూల బల్ల దాకా నడవడానికి ఎంతో దూరం లేదు, కానీ ఆ పూటంతా నడవలేకపోయింది. చివరికి పెట్టెను రెండు చేతులా ఎత్తుకుని వెళ్ళి హాలిస్ ముందు దింపింది.

"హాలిస్ గారూ, ఒక మాట అడగొచ్చా?"

ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టాడు. "జడ్జిగారు తీర్పు ఇవ్వలేదా?"

"ఇచ్చారు. తప్పు తీర్పు."

ఆ మాట హాలిస్‌కు నచ్చినట్టుంది. పెదవి చివర ఏదో కదిలింది. "నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్ళి కుర్చీలో కూచుంటే నీ మోకాలు నొప్పి చేస్తుందా? మెట్లెక్కితే చేస్తుంది. దీన్ని మెత్తటి బల్ల మీద పడుకోబెట్టి, కింద నుంచి చల్లగాలి ఊది, బాగున్నావా అని అడుగుతున్నారు. అదేమంటుంది? బాగున్నానంటుంది."

"మరి మెట్లెక్కించడం ఎలాగండీ?"

"అది నీ యంత్రం సంగతి. నాకేం తెలుసు?" అని ఆయన కళ్ళద్దాలు దింపుకున్నాడు.

ఐడెల్లా అక్కణ్ణించి కదల్లేదు. "ఈ పెట్టె విమానంలో ఎలా ఉంటుందండీ? మీరెప్పుడైనా చూశారా?" అంది.

హాలిస్ కళ్ళద్దాలు మళ్ళీ పైకి నెట్టాడు. ఆయనా చూడలేదు. అన్నేళ్ళు ఆ పెట్టెలు బాగుచేసినవాడు, అది బిగించి ఉన్న విమానం ముక్కులోకి ఎన్నడూ తొంగిచూడలేదు. అక్కడున్న ఎవ్వరూ చూడలేదు.

ఐడెల్లా సార్జెంట్ ఓర్టిజ్‌కు ఫోను చేసింది.

"పడుకుని ఎక్కడుంటుందమ్మా, అంత చోటేదీ?" అన్నాడతను. "నిలబడి ఉంటుంది. అంచు మీద, పుస్తకం అరలో పెట్టినట్టు."

ఆ మాట వచ్చి చెబితే హాలిస్ లేచి నిలబడ్డాడు. మలుపు తిరిగేటప్పుడు విమానంలో ప్రతి వస్తువూ తన బరువుకు ఎన్నో రెట్లు బరువెక్కుతుంది. పడుకున్న పెట్టెలో ఆ బరువు ఒకవైపు పడుతుంది, నిలబడ్డ పెట్టెలో ఇంకోవైపు. ఇద్దరికీ అదే ఆలోచన ఒకేసారి తట్టింది.

కానీ పెట్టెను బల్ల మీద నిలబెడితే కేబుళ్ళు అందవు. పొడుగు కేబులు కావాలి. అది షాపులో లేదు, తెప్పించాలంటే ఏడాది. "నేను చేస్తాను" అంది ఐడెల్లా. ఏ తీగలు పొడుగు చేస్తే పరవాలేదో, ఏవి చేస్తే యంత్రానికి తప్పు జవాబులు వస్తాయో హాలిస్ చూసి చెప్పాడు. కరెంటు సరఫరా చేసే భాగం వరకూ అయితే పొడుగు తీగలతో పరీక్ష చెయ్యొచ్చన్నాడు. తెర ఒక్కసారిగా ఆరిపోతోందంటే ఆయన అనుమానం కూడా ఆ భాగం మీదే. ఐడెల్లా మైనం పూసిన దారంతో తీగలను జడలా కట్టి, ముడి మీద ముడి వేస్తూ వచ్చింది. హాలిస్ పక్కనే నిలబడి చూశాడు. ఆ ముడుల్లో ఒక్కటి కూడా వదులుగా లేదు.

"ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు.

"కుట్టుమిషను దగ్గరండీ" అంది ఆమె, తలెత్తకుండానే.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

గ్లాడెన్ వచ్చి చూసి, ఏమనుకున్నాడో ఏమో, కోటు విప్పి కూచుని యంత్రం ఆ ఒక్క భాగాన్నే ఆగకుండా మళ్ళీ మళ్ళీ పరీక్షించేలా ప్రోగ్రాము మార్చి ఇచ్చాడు. పెట్టె మూత తీసి అంచు మీద నిలబెట్టారు. మీట నొక్కారు. తెర మీద పచ్చ వరసలు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి. బాగుంది, బాగుంది, బాగుంది.

"నిలబడితే చాలదు" అన్నాడు హాలిస్. "బరువెక్కాలి."

ఆయన బయటికి వెళ్ళి తన ట్రక్కులోంచి చేపలు పట్టే సామాను డబ్బా తెచ్చాడు. అందులో గాలపు తాడుకు కట్టే సీసపు గుండ్లున్నాయి. పెట్టె లోపల బరువైన భాగాలు ఎన్నో లేవు. ఒక్కొక్కదానికి ఐడెల్లా దారంతో ఉచ్చు వేసి, గుండు కట్టి, మెల్లగా వేలాడదీసింది. మొదటిదానికి ఏమీ కాలేదు. రెండోదానికీ కాలేదు. తర్వాత కార్డు మీద ఉన్న చిన్న ట్రాన్స్‌ఫార్మరుకు కట్టింది. ఒక గుండు, ఇంకో గుండు. మూడోది వదిలేసరికి పచ్చ వరస ఆగిపోయింది. జడ్జిగారు మొదటిసారి మాట మార్చారు.

ఐడెల్లా గుండును అరచేత్తో పైకెత్తింది. బాగుందన్నారు. వదిలింది. చెడిందన్నారు.

"ఓరి దేవుడా" అన్నాడు గ్లాడెన్.

కార్డు ఊడదీసి భూతద్దం కింద పెడితే ట్రాన్స్‌ఫార్మరు కింద కార్డుకు అతికిన కాలు చుట్టూ టంకంలో వెంట్రుకంత చీలిక కనబడింది. పడుకుని ఉన్నప్పుడు దాని బరువే దాన్ని అదిమిపెట్టి ఉంచుతుంది. నిలబడి బరువెక్కితే కాలు ఊడి వస్తుంది. గోదాములో బాగున్నాయని పెట్టిన పెట్టెలన్నిటినీ దింపించి అలాగే పరీక్ష చేశారు. చాలావాటిలో అదే చీలిక. అవన్నీ ఏదో ఒక రోజు ఎవరో ఒక కుర్రాడి ముందు తెర ఆర్పేసేవే.

ఆ శరదృతువులో జనరల్ ఒకాయన వచ్చి సభ పెట్టాడు. షాపు వాళ్ళందరినీ వరసగా నిలబెట్టారు. ఐడెల్లా చర్చికి వేసుకునే నీలం గౌను వేసుకుంది. ఆ జబ్బు కనిపెట్టినందుకు ఇచ్చే ఇత్తడి పలక మీద పేరు చదివారు. హాలిస్ పర్విస్. ఇంకో పేరు లేదు. సీనియర్ పేరు రాయడం ఆనవాయితీ కాబట్టి గ్లాడెన్ అలాగే రాశాడు. రెండో పేరు రాయాలన్న ఆలోచన ఆయనకు రానే లేదు. హాలిస్ ముందుకు వెళ్ళి, చెయ్యి కలిపి, పలక తీసుకుని వచ్చి నిలబడ్డాడు. ఐడెల్లా వైపు చూడలేదు. అందరితోపాటు ఐడెల్లా కూడా చప్పట్లు కొట్టింది.

ఇంటికొచ్చి గౌను విప్పుతూ క్లియోఫస్‌తో చెప్పింది. అతను బస్సు తాళాలు బల్ల మీదికి విసిరాడు.

"వెళ్ళి అడుగుతాను. ఇప్పుడే."

"ఏమని అడుగుతావు?"

"ఆ గుండ్లు కట్టింది ఎవరని."

"ఆయనకు తెలుసు ఎవరు కట్టారో. తెలియనివాడికైతే చెప్పాలి గానీ, తెలిసినవాణ్ణి ఏమడుగుతావు? కూచో. బెండకాయలు చల్లారిపోతున్నాయి."

అలా అందే గానీ మర్నాటి నుంచి షాపులో పొద్దుటి పలకరింపు కూడా మానేసింది. హాలిస్ ఒకటి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఆమె వినబడనట్టే ఉంది.

శనివారం సాయంత్రం ఐడెల్లా వాకిట వరండాలో కూచుని బఠానీలు ఒలుస్తుంటే, ఒక ట్రక్కు వీధిలోకి వచ్చి, దారి తప్పినట్టు మెల్లగా ఇళ్ళన్నీ చూసుకుంటూ వచ్చి ఆగింది. రైలు పట్టాలకు ఇవతలి ఆ వీధిలోకి తెల్లవాళ్ళ ట్రక్కులు వచ్చేది తక్కువ. హాలిస్ దిగాడు. చేతిలో అక్రోటుల్లాంటి పెకాన్ కాయలు బుట్టెడున్నాయి. మెట్ల కిందే ఆగాడు.

"ఐడెల్లా గారూ" అన్నాడు.

ఐడెల్లా చేతిలోని కాయ అలాగే ఆగింది. అన్నేళ్ళలో ఆయన నోట ఆ 'గారు' రావడం అదే మొదలు. తలుపు వెనక నిలబడ్డ క్లియోఫస్ కూడా కదలకుండా విన్నాడు.

"ఆ రోజు అక్కడ చెబుదామనుకున్నాను. నోరు పెగల్లేదు. మీరు పక్కనే ఉన్నారని తెలుసు. అయినా పెగల్లేదు."

"ఇప్పుడు పెగిలిందిగా" అంది ఐడెల్లా.

"పలక ట్రక్కులో ఉంది. తెచ్చాను. మీరు తీసుకోండి."

"నీ పేరు చెక్కిన ఇత్తడి ముక్క నా గోడకెందుకయ్యా?" అంది ఆమె. తాను 'నీ' అన్నానని అన్నాకగానీ ఆమెకు తెలియలేదు. తెలిసినా దిద్దుకోలేదు. "నాకు చెప్పిన మాట నాకు తెలిసిందే. తెలియనివాళ్ళు షాపులో ఉన్నారు. సోమవారం వాళ్ళకు చెప్పు."

హాలిస్ బుట్టను మెట్టు మీద పెట్టాడు. టోపీ పెట్టుకుని ట్రక్కు వైపు తిరిగాడు.

అప్పుడు క్లియోఫస్ తలుపు తోసుకుని బయటికొచ్చాడు. "కాయలు తెచ్చినవాడు ఒలవడానికి కూచోడా?" అన్నాడు, ఇంకా కోపంగానే. హాలిస్ కూచున్నాడు. ముగ్గురూ చాలాసేపు బఠానీలు ఒలిచారు. చేపల గురించి కాస్త మాట్లాడుకున్నారు. నదిలో పిల్లిమీసాల చేపలు ఎక్కడ బాగా పడతాయన్న దాని మీద మగాళ్ళిద్దరికీ వాదన వచ్చింది. ఆ వాదన ఆ తర్వాత ఏళ్ళ తరబడి తెగలేదు.

సోమవారం మధ్యాహ్నం హాలిస్ తన భోజనం సంచి పట్టుకుని కిటికీ దగ్గరి బల్ల దాటి వచ్చాడు. కూల్‌డ్రింకు మిషను దగ్గరి బల్ల ముందు నిలబడి, అందరికీ వినబడేలా అన్నాడు: "ఆ పెట్టె జబ్బు కనిపెట్టింది ఐడెల్లా గారు. విమానంలో అదెలా ఉంటుందని అడగాలని నాకు తోచలేదు. ఆవిడకు తోచింది. ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు." ఆ తర్వాత, "ఇక్కడ చోటుందా?" అని అడిగాడు.

ఐడెల్లా తన భోజనం డబ్బా కాస్త పక్కకు జరిపింది. ఆయన కూచుని మొక్కజొన్న రొట్టె విప్పుకున్నాడు. కిటికీ బల్ల దగ్గర ఒకరిద్దరు గుసగుసలాడారు. వాళ్ళు చివరిదాకా అక్కడే కూచున్నారు. ఇంకొందరు మాత్రం రాను రాను ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూచోవడం మొదలుపెట్టారు.

హాలిస్ రిటైరయ్యేలోగా తనకు తెలిసిందంతా ఆమెకు నేర్పాడు. పటాలు చదవడం, మీటరు ఎక్కడ ఆనిస్తే ఏం వినబడుతుందో, కాలిన కార్డుల వాసనల్లో తేడాలు. ఆమె ఆయన్ని జడ్జిగారి ముందు కూచోబెట్టి మీటలు నేర్పింది. మొదట్లో ఒక్క వేలితో, పాము తలను ముట్టుకున్నట్టు నొక్కేవాడు.

ఆ సభ తర్వాతి వసంతంలోనే గ్లాడెన్ ఆమెను పిలిచి, ఆ నిలబెట్టే పరీక్ష అక్కడివాళ్ళకు నేర్పడానికి ఎడారి స్థావరానికి వెళ్ళమన్నాడు. విమానంలో.

ఐడెల్లా జన్మలో విమానం ఎక్కలేదు. ఆ సంగతి అప్పటిదాకా ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

"విమానాల రోగాలన్నీ తెలిసినదానివి, నీకు భయమేమిటే?" అన్నాడు క్లియోఫస్.

"తెలుసు కాబట్టే భయం. తెలియనివాళ్ళు హాయిగా నిద్రపోతారు."

అట్లాంటా విమానాశ్రయం దాకా అతనే తీసుకెళ్ళాడు. విమానం లేచేటప్పుడు ఆమె కుర్చీ చేతులు పట్టుకుని కీర్తన పాడుకుంది. పక్క సీటాయన మర్యాదగా పేపరు చాటున దాక్కున్నాడు. కిందికి చూస్తే మబ్బుల మధ్య ఎర్రమట్టి, పచ్చటి తోటలు, ఆ తర్వాత ఏమీ లేని భూమి. అక్కడ సార్జెంట్ ఓర్టిజ్ ఎదురొచ్చాడు. ఫోనులో గొంతును బట్టి పెద్ద విగ్రహం అనుకుంది. చూస్తే బక్కపలచటి మనిషి, ఆమె భుజం దాకా వస్తాడు. "అమ్మా, ఆ రోజు నోటికొచ్చినట్టు మాట్లాడాను" అన్నాడు. "మాట్లాడకపోతే ఇక్కడిదాకా వచ్చేదాన్ని కాదుగా నాయనా" అంది. అతను ఆమెను విమానం దగ్గరికి తీసుకెళ్ళి ముక్కు తెరిచి చూపించాడు. ఆమె నిచ్చెనెక్కి, లోపల అంచు మీద నిలబడ్డ పెట్టెను చేత్తో తడిమి చూసింది.

వారం తర్వాత తిరిగొచ్చేటప్పుడు ఓర్టిజ్ తల్లి కాల్చిన పచ్చిమిరపకాయలు సంచి నిండా ఇచ్చి పంపింది. ఆదివారం చర్చి అయ్యాక హాలిస్ కూడా వచ్చాడు. ఐడెల్లా ఆ మిరపకాయలు చేపల పులుసులో వేసింది. క్లియోఫస్ ఒక ముద్ద తిని, కళ్ళ నీళ్ళు కారుతుంటే నోరు తెరిచి గాలి పీల్చుకున్నాడు.

"మనుషులు తినేదేనా ఇది?" అన్నాడు.

"ఇంకాస్త వెయ్యమంటావా?" అంది ఐడెల్లా, గరిటె పట్టుకుని.

"వెయ్యి" అన్నాడతను.